అరకిలో కాకరకాయలు

మంగళవారం, రాత్రి 10 గంటలు

ఆఫీసు నుంచి వస్తూ ఎంవీపీ కాలనీ రైతుబజారు దగ్గర ఆగాను. కొనవలసినవి మూడే: టమాటాలు, పచ్చిమిర్చి, కొత్తిమీర. ఇంటికొచ్చి సంచి గుమ్మరిస్తే వాటితో పాటు అరకిలో కాకరకాయలు! ముదురుది ఒక్కటీ లేదు. అన్నీ లేతవి, సన్నవి, నాన్నకు ఇష్టమైన రకం. అంత శ్రద్ధగా ఏరింది నేనే, ఏరిన గుర్తు మాత్రం లేదు. నాన్న రాజమండ్రిలో తమ్ముడి దగ్గరకు వెళ్ళి నలభై రోజులైంది. ఈ ఇంట్లో ఆయన తప్ప కాకరకాయ ముట్టేవారు లేరు.

అప్పటి నుంచి మెదడు పరిశోధకుడు బెంజమిన్ లిబెట్ ప్రయోగమే మనసులో తిరుగుతోంది. 1983లో ప్రచురించిన ఆ ప్రయోగంలో మనుషుల్ని గడియారపు ముల్లులా తిరిగే చుక్క ముందు కూర్చోబెట్టి, ఎప్పుడనిపిస్తే అప్పుడు చేయి కదపమన్నారు. అనిపించిన క్షణంలో చుక్క ఎక్కడుందో చెప్పమన్నారు. కదలికకు సుమారు 200 మిల్లీసెకన్ల ముందు అనిపించిందని తేలింది. తలకు అమర్చిన ఎలక్ట్రోడ్లేమో కదలికకు దాదాపు 550 మిల్లీసెకన్ల ముందే, అంటే కదపాలని అనిపించకముందే, మెదడులో సన్నాహం మొదలైనట్టు చూపాయి. దీన్ని పట్టుకుని మనిషికి స్వేచ్ఛే లేదని తీర్పు చెప్పేవారంటే నాకు కోపం. ఆ సన్నాహం ముందే జరిగిపోయిన నిర్ణయం కాకపోవచ్చని, మెదడులో సహజంగా ఉండే హెచ్చుతగ్గులు పోగై ఒక హద్దు దాటడం కావచ్చని 2012లో మరో మెదడు పరిశోధకుడు ఆరన్ షూర్గర్ బృందం చెప్పింది.

పైగా ఆ చేయి కదపడానికి ప్రత్యేకమైన కారణం ఉండదు. నా కాకరకాయలకు ఉంది. తొమ్మిదేళ్ళుగా ప్రతి మంగళవారం ఆయన కోసం ఏరిన చేయి ఇది. నాకు తెలియకుండా జరిగింది కాబట్టి నేను చేయలేదని అనలేను. తెలిసి చేసిన చాలా పనులకన్నా ఇదే ఎక్కువ నాది అనిపిస్తోంది.

చివరి క్షణంలో ఆపుకునే వీలు మనిషికి ఉంటుందని కూడా లిబెట్ నమ్మారు. కాటా మీద పెట్టినప్పుడు గానీ, చిల్లర లెక్కపెట్టుకున్నప్పుడు గానీ నాకు ఆపాలన్న ఆలోచనే రాలేదు.

ఎనిమిదిన్నరకు నాన్నకు ఫోను చేసి సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "లేతవేగా? గింజలు తీయకమ్మా" అన్నారు.

తీయలేదు. చక్రాలుగా తరిగి, ఉప్పూ పసుపూ రాసి మూత పెట్టాను.