ఆన్‌లైన్ గ్రూప్ కోర్సు చెప్పబోయే టీచర్ ముందు అందులో స్టూడెంట్‌గా కూర్చోవాలి

ఆన్‌లైన్ కోర్సులు చెప్పబోయే టీచర్లకి ట్రైనింగ్ అంటే చాలా చోట్ల జరిగేది ఒకటే. ఒక పూట అందర్నీ పిలిచి జూమ్‌లో బ్రేకౌట్ రూమ్స్ (క్లాసుని చిన్న గ్రూపులుగా విడగొట్టే విడి గదులు) ఎలా ఓపెన్ చేయాలి, మూడిల్ అనే ఆన్‌లైన్ కోర్సుల సాఫ్ట్‌వేర్‌లో క్విజ్ ఎక్కడ పెట్టాలి, రికార్డింగ్ ఎక్కడ సేవ్ అవుతుంది, ఇవన్నీ స్క్రీన్ షేర్ చేసి చూపించేసి సర్టిఫికెట్ మెయిల్ చేసేస్తారు. ఆ బటన్లు కాస్త తిప్పలు పడితే ఎవరైనా నేర్చేసుకుంటారండి. అసలు కష్టం ఏంటంటే, ఒకళ్ళ మొహం ఒకళ్ళు ఎప్పుడూ చూడని నలుగురిని ఒక పని మీద కలిపి, వాళ్ళు టీచర్ దగ్గర కాకుండా ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు నేర్చుకునేలా చేయడం. దానికి మాత్రం ట్రైనింగ్ ఉండదు, అదేదో దానంతటదే వచ్చేస్తుందని అందరి నమ్మకం.

నేను టీచర్ ట్రైనింగ్ పనిలోనే ఉంటాను కాబట్టి ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. గ్రూప్ వర్క్ మీద నడిచే ఆన్‌లైన్ కోర్సు చెప్పబోయే టీచర్, ముందు అలాంటి కోర్సులో స్టూడెంట్‌గా ఉండి తీరాలి. ఊరికే చూసి పోవడానికి కాదు, గ్రూప్‌లో పడాలి, డెడ్‌లైన్ ఉండాలి, పక్కవాళ్ళు చేసే దాని మీద తన మార్కులు కూడా ఆధారపడి ఉండాలి.

అలా కూర్చోబెడితే ఏం జరుగుతుందో చెప్తాను. నలుగురు టీచర్లకి ఒక షేర్డ్ డాక్యుమెంట్ ఇచ్చి వారం రోజుల పాఠం ఒకటి కలిసి డిజైన్ చేయమంటాం. మొదట్లో అందరూ హాయ్ చెప్పుకుంటారు, తర్వాత అంతా సైలెంట్. ఎవరో ఒకళ్ళు మొదలుపెడతారులే అని నలుగురూ అనుకుంటారు. ఇంక డెడ్‌లైన్ దగ్గరికొచ్చేసరికి ఒకాయన టెన్షన్ తట్టుకోలేక రాత్రి కూర్చుని మొత్తం రాసేస్తాడు, మిగతావాళ్ళు పొద్దున చూసి "చాలా బాగుంది సర్" అని కామెంట్ పెట్టి ఎక్కడో రెండు కామాలు సరిచేస్తారు. అప్పుడు మేం వర్షన్ హిస్టరీ ఓపెన్ చేసి ఎవరు ఎప్పుడు ఎంత రాశారో అందరికీ చూపిస్తాం. రాసినాయన వెంటనే అడిగేది ఒకటే, "అయితే మార్కులు నలుగురికీ ఒకటేనా?" అని. నా దృష్టిలో ట్రైనింగ్ మొదలయ్యేది అక్కడే, ఎందుకంటే తన క్లాసులో బాగా చదివే ప్రతి పిల్లా మనసులో అడుగుతున్న ప్రశ్న అదేనని ఆయనకి అప్పుడు అర్థమవుతుంది.

ఇందులో మనుషుల మంచితనం, బద్ధకం లాంటివాటి పాత్ర మనం అనుకున్నంత ఉండదు. 1979లో లటానే, విలియమ్స్, హార్కిన్స్ అనే సైకాలజిస్టులు మనుషుల చేత గట్టిగా అరిపించి, చప్పట్లు కొట్టించి ఆ శబ్దాన్ని కొలిచారు. గ్రూప్ పెద్దదయ్యేకొద్దీ ఒక్కొక్కళ్ళు చేసే శబ్దం తగ్గుతూ వచ్చింది. నిజానికి ఒక్కళ్ళే అరుస్తున్నా, పక్కన ఇంకొంతమంది అరుస్తున్నారని నమ్మిస్తే చాలు, అప్పుడు కూడా తగ్గింది. తన వంతు ఎంతో విడిగా కనపడనప్పుడు ఎవరైనా కొంచెం వెనక్కి తగ్గుతారు. ఆన్‌లైన్‌లో ఒకళ్ళకొకళ్ళు కనపడనే కనపడరు, ఇంక చెప్పేదేముంది.

కాబట్టి టీచర్ నేర్చుకోవాల్సిన మొదటి విద్య పని ఎలా పంచాలి అనేది. పిల్లల్ని తిట్టడం, రిమైండర్ల మీద రిమైండర్లు పంపడం తర్వాత సంగతి. ఈ విషయంలో నాకు బాగా నచ్చేది 1971లో ఇలియట్ ఆరన్‌సన్ అనే సైకాలజిస్టు అమెరికాలోని ఆస్టిన్ స్కూళ్ళలో మొదలుపెట్టిన జిగ్‌సా పద్ధతి. పాఠాన్ని ముక్కలు చేసి గ్రూప్‌లో ఒక్కొక్కళ్ళకి ఒక్కో ముక్క ఇస్తారు, నా ముక్క నేను చెప్తే తప్ప నీకు తెలియదు, నీ ముక్క నువ్వు చెప్తే తప్ప నాకు పూర్తి కాదు. ఇది ఆన్‌లైన్‌కి చక్కగా సరిపోతుంది, ఎందుకంటే ఎవరి ఫైల్ వాళ్ళకి విడిగా పంపడం ఇక్కడ చాలా తేలిక.

చర్చకి పెట్టే ప్రశ్న సంగతి కూడా చూడండి. "నీటి కాలుష్యానికి కారణాలు చర్చించండి, ఇద్దరికి రిప్లై ఇవ్వండి" అని పెడితే ఏమవుతుంది, మొదట రాసినవాడు కారణాలన్నీ రాసేస్తాడు, మిగతా అందరూ అవే అటూ ఇటూ మార్చి రాస్తారు, రిప్లైలన్నీ "మీతో ఏకీభవిస్తున్నాను" అనే. అక్కడ చర్చించడానికి ఏమీ లేదు కాబట్టి చర్చ జరగలేదు, అంతే. అదే ప్రశ్నని మా టీచర్లు తిరగరాస్తే ఇలా వచ్చింది. ఒక చెరువు, దాని చుట్టూ ఒక ఫ్యాక్టరీ, పొలాలు, ఒక కాలనీ. గ్రూప్‌లో ఒకళ్ళకి నీటి పరీక్ష రిపోర్ట్, ఒకళ్ళకి ఫ్యాక్టరీ వాదన, ఒకళ్ళకి రైతుల వాదన, ఒకళ్ళకి కాలనీ వాళ్ళ ఫిర్యాదు. డబ్బులు ఒక్క పనికే సరిపోతాయి, ముందు ఏది చేయాలో గ్రూప్ మొత్తం ఒక నిర్ణయానికి రావాలి, ఒప్పుకోనివాళ్ళు ఎందుకు ఒప్పుకోవట్లేదో కింద రాయాలి. ఇప్పుడు పక్కవాడి పోస్ట్ చదవకుండా ఎవరికీ పని ముందుకెళ్ళదు. ఒక్క ప్రశ్నని ఇలా మార్చడానికి కొంతమందికి ఒక సాయంత్రమంతా పట్టింది, అయినా ట్రైనింగ్ మొత్తంలో అంత ఉపయోగపడిన సాయంత్రం ఇంకోటి లేదని నేను అనుకుంటాను.

తర్వాత టీచర్ ఎంత మాట్లాడాలి అనేది. క్లాసులో బాగా చెప్తారని పేరున్నవాళ్ళకే ఇది చాలా కష్టం. ప్రతి పోస్ట్‌కీ తనే మొదట రిప్లై ఇచ్చేస్తే పిల్లలు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడడం మానేసి టీచర్‌తోనే మాట్లాడతారు. అలాగని మాయమైపోతే ఇక్కడ ఎవరూ చూడట్లేదని వాళ్ళకి తెలిసిపోతుంది. మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు మామూలు క్లాస్‌రూముల్లో గమనించింది ఏంటంటే, టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారు, అదే 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, ఎక్కువమంది మాట్లాడతారు. ఎవరి టైమ్‌లో వాళ్ళు లాగిన్ అయ్యే ఆన్‌లైన్ కోర్సులో ఆ 3 సెకన్లు ఒక్కోసారి ఒక రోజంత అవుతాయి. ఆ రోజంతా ఏమీ రాయకుండా, కానీ చదువుతూ ఉండడం ప్రాక్టీస్ చేస్తే తప్ప రాదు.

మరి ఎప్పుడు రాయాలి? 2000లో గ్యారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనే పరిశోధకులు ఆన్‌లైన్‌లో కలిసి నేర్చుకోవడం ఎలా నడుస్తుందో చెప్పే కమ్యూనిటీ ఆఫ్ ఎంక్వైరీ అని ఒక మోడల్ ఇచ్చారు, అందులో ఆలోచన నాలుగు దశల్లో నడుస్తుందంటారు: ఒక సమస్య తగలడం, దాని చుట్టూ వెతకడం, దొరికినవి కలిపి చూడడం, తేల్చడం. ఆన్‌లైన్ చర్చలు ఎక్కువగా రెండో దశలోనే ఆగిపోతాయని తర్వాత జరిగిన చాలా పరిశోధనల్లో కనిపించింది. అందరూ తలా ఒక మాట చెప్తారు, ఆ మాటలన్నీ కలిపేవాళ్ళు ఉండరు. టీచర్ రావాల్సింది అక్కడ. అది కూడా జవాబుతో కాదు, ఇలాంటి మెసేజ్‌తో: "ఒకరు ఫ్యాక్టరీ మూసేస్తే చాలన్నారు, ఇంకొకరు ఎరువులే అసలు కారణమన్నారు. ఈ రెండూ ఒకేసారి నిజం కాగలవా? నీటి రిపోర్ట్ ఉన్నవాళ్ళు ఒకసారి మళ్ళీ చూసి చెప్పండి." ఇలాంటి నాలుగు లైన్లు రాయడం నేర్పడానికి మేం నిజంగా ఆగిపోయిన చర్చల్ని పేర్లు తీసేసి టీచర్ల ముందు పెడతాం. మొదటిసారి దాదాపు అందరూ "దయచేసి అందరూ పాల్గొనండి" అనే రాస్తారు. అది చదివి పాల్గొనాలనిపించే మనిషి ఉండడు, ఆ మాట తోటి టీచర్లే చెప్తారు.

గొడవల సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. గ్రూప్ మొదలైన మొదటి వారంలోనే వాళ్ళ చేత చిన్న ఒప్పందం రాయించాలి, మెసేజ్‌కి ఎంతసేపట్లో రిప్లై ఇవ్వాలి, ఎవరైనా కనపడకపోతే ముందు ఎవరు అడగాలి, టీచర్‌కి ఎప్పుడు చెప్పాలి అని. కనపడని మనిషి ప్రతిసారీ ఎగ్గొట్టేవాడేం కాదు, ఫోన్ ఒక్కటే ఉండి షేర్డ్ డాక్యుమెంట్ సరిగ్గా ఓపెన్ కాని అమ్మాయి కావచ్చు, అందరూ నిద్రపోయే టైమ్‌లో తప్ప ఖాళీ దొరకని ఉద్యోగి కావచ్చు. మార్కులు తగ్గించే ముందు ఒక పర్సనల్ మెసేజ్ పెట్టి కనుక్కోవడం టీచర్ పని.

ఇదంతా ఒక పూట వర్క్‌షాప్‌లో అయ్యేది కాదు, కొన్ని వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా మొదటిసారి కోర్సు చెప్పేటప్పుడు అనుభవం ఉన్న ఇంకో టీచర్ జంటగా ఉండాలి. వీటికి పట్టే గంటల్ని మేనేజ్‌మెంట్లు వర్క్‌లోడ్‌లో లెక్కేయాలి, ఇది మాత్రం ఎన్నిసార్లైనా అడుగుతాను. మామూలు క్లాసులన్నీ అలాగే ఉంచి పైన ఈ కోర్సు కూడా అంటగడితే, టీచర్ ఎంత శ్రద్ధ ఉన్నవాళ్ళయినా చివరికి పాత లెక్చర్ వీడియోలు అప్‌లోడ్ చేసి కింద "చర్చించండి" అని రాసేస్తారు.