డబ్ల్యూగెట్‌తో తెలుగు వికీపీడియాను బడికి చేర్చిన తీరు: నా అనుభవం

మా అక్క చిత్తూరు జిల్లా బంగారుపాళెం మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తుంది. అక్కడ కంప్యూటర్లు ఉన్నాయి గానీ ఇంటర్నెట్ నిలకడగా ఉండదు. "ఏదైనా చూపిద్దామంటే ఆ పేజీ తెరుచుకునేలోపు పీరియడ్ అయిపోతుందిరా" అని ఆమె బాధపడినప్పుడు, తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దించి ఇవ్వవచ్చని నాకు తోచింది. 2007లో మొదలైన కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నదే అందుకు. వికీపీడియాను 'జిమ్' ఫైళ్ళుగా కుదించి, నెట్ లేకుండా చదువుకునే వీలు కల్పిస్తుంది.

అయితే ఆ పెద్ద ఫైలును దించుకోవలసింది తిరుపతి కొర్లగుంటలోని మా ఇంటి లైను మీద. సాయంత్రం గాలివాన వస్తే కరెంటు పోతుంది, దానితోపాటు రౌటర్ ఆగిపోతుంది. బ్రౌజర్‌లో పెట్టిన డౌన్‌లోడ్ అలాంటప్పుడు విఫలమైందని ఆగిపోయేది. మళ్ళీ నొక్కితే చాలాసార్లు మొదటికి వచ్చేది. అందుకే కమాండు టైపు చేసి ఫైళ్ళను దించుకునే డబ్ల్యూగెట్‌ను ఆశ్రయించాను. క్రొయేషియాకు చెందిన హ్ర్వోయె నిక్షిచ్ రాసిన ఈ సాధనం 1996 నుంచి ఆ పేరుతో అందుబాటులో ఉంది. గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో భాగం, పూర్తిగా ఉచితం. నా ల్యాప్‌టాప్‌లోని ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అది ముందే ఉంది.

కమాండులు టైపు చేసే కిటికీ అయిన టెర్మినల్ తెరిచి డబ్ల్యూగెట్ అని టైపు చేసి, హైఫన్, స్మాల్ సి పెట్టి, ఆ పక్కన ఫైలు లింకును అతికిస్తే పని మొదలవుతుంది. ఆ 'సి' చేసే మేలు ఎంతో ఉంది. మధ్యలో ఆగిన ఫైలు మన డిస్కులో ఎన్ని బైట్ల వరకు వచ్చిందో చూసుకుని, అక్కడి నుంచి మిగిలినదే పంపమని డబ్ల్యూగెట్ సర్వర్‌ను రేంజ్ అనే శీర్షిక ద్వారా అడుగుతుంది. సర్వర్‌కు ఆ సౌకర్యం ఉంటే 206 అనే సంకేతంతో జవాబిచ్చి, మిగతా భాగాన్ని మాత్రమే పంపుతుంది. కరెంటు వచ్చాక అదే కమాండును మళ్ళీ ఇస్తే, వచ్చినంత మేర గుర్తులతో, మిగిలినది ఖాళీగా ఉన్న గీత తెర మీద కనబడి, అక్కడి నుంచి ముందుకు సాగడం చూసినప్పుడు నాకు కలిగిన నిశ్చింత చిన్నది కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. లైను పూర్తిగా తెగితే డబ్ల్యూగెట్ తనంతట తానే మళ్ళీ ప్రయత్నిస్తుంది. మామూలుగా ఆ ప్రయత్నాల పరిమితి 20. కానీ కనెక్షన్ తెగకుండా, డేటా మాత్రం రాకుండా బిగుసుకుపోతే, ఏ మార్పూ చేయని అమరికలో 900 సెకన్లు, అంటే పావుగంట, అలాగే ఎదురుచూస్తుంది. మా ఇంట్లో తరచుగా జరిగేది ఇదే. అందువల్ల హైఫన్ క్యాపిటల్ టి పెట్టి 30 అని గడువు ఇచ్చాను, హైఫన్ స్మాల్ టి పక్కన సున్నా పెట్టి ప్రయత్నాలకు పరిమితి తీసేశాను. అయినా రౌటర్ ఆగి ఉన్న సమయంలో సర్వర్ చిరునామానే దొరకకపోతే, దాన్ని తీరని లోపంగా లెక్కించి డబ్ల్యూగెట్ ముగిసిపోతుంది. దీనికి షెల్ (టెర్మినల్‌లో మన కమాండులను నడిపే ప్రోగ్రాం)లోని అన్‌టిల్ అనే ఆదేశం పనికివచ్చింది: పని సజావుగా ముగిస్తే డబ్ల్యూగెట్ షెల్‌కు 0 అనే సంఖ్యను, నెట్‌వర్క్ వైఫల్యమైతే 4ను అప్పగిస్తుంది కనుక, 0 వచ్చేదాకా నిమిషానికొకసారి అదే కమాండును మళ్ళీ నడపమని రాసి పెట్టాను. పగటిపూట ఇంట్లో మిగతావాళ్ళకు ఇబ్బంది లేకుండా లిమిట్-రేట్ అనే ఎంపికతో వేగాన్ని తగ్గించాను, రాత్రికి ఆ కట్టడి తీసేశాను.

లింకు ఎంపికలో కూడా జాగ్రత్త అవసరం. డిస్కులో సగం ఫైలు ఉండగా సర్వర్‌లోని ఫైలు మారిపోతే, పాత సగానికి కొత్త సగం అతుక్కుని పనికిరాని ఫైలు తయారవుతుంది. ఆ తేడా డబ్ల్యూగెట్‌కు తెలియదు. కివిక్స్ ఫైళ్ళ పేర్లలోనే సంవత్సరం, నెల ఉంటాయి కనుక, నెల పేరున్న లింకునే చివరిదాకా వాడాను. పేరులో తేదీ లేకుండా ఎప్పుడూ తాజా ప్రతినే చూపే లింకులను ఇలాంటి లైను మీద వాడకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఫైలు పూర్తయినంత మాత్రాన సరిగా వచ్చినట్టు కాదు. కివిక్స్ లింకు చివర చుక్క పెట్టి 'ఎస్‌హెచ్‌ఏ256' అని చేరిస్తే ఒక చిన్న ఫైలు వస్తుంది. అందులో 64 అక్షరాల ముద్ర, అంటే ఫైలులోని బైట్లన్నిటినీ బట్టి లెక్కించిన గుర్తు, ఉంటుంది. ఎస్‌హెచ్‌ఏ256సమ్ అనే కమాండుతో నా దగ్గరి ఫైలుకు ముద్ర లెక్కించి, రెండింటినీ మొదటి అక్షరం నుంచి చివరిదాకా పోల్చి చూశాను, సరిపోయాయి. లైను అన్నిసార్లు తెగిన తర్వాత కూడా ఒక్క బైటు చెదరలేదని తేలాకే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను.

బడిలో పని త్వరగానే అయింది. ఒక కంప్యూటర్‌లో జిమ్ ఫైలును మిగతావాటికి పంచే కివిక్స్-సర్వ్ అనే ప్రోగ్రాం నడిపితే, మిగతా కంప్యూటర్లు ల్యాబ్‌లోని లోపలి నెట్‌వర్క్ మీదుగా బ్రౌజర్‌లో అదే వికీపీడియాను తెరుస్తాయి. పిల్లలు మొదట వాళ్ళ వాళ్ళ ఊర్ల పేర్లే వెతికారు. అక్క మాత్రం శాసనాల మీద ఉన్న వ్యాసాలు తీసి, పాఠానికి కావలసినవి వరుసగా రాసుకుంది.

ఇప్పుడు వికీపీడియాలాంటి ఉచిత నిఘంటువైన విక్షనరీ కూడా కావాలని తెలుగు మాస్టారు అడిగారట. అదే కమాండులో లింకు మార్చి ఈ రాత్రి నడపబోతున్నాను. అక్క కూడా నేర్చుకుంటానంది కనుక, ఒక్కొక్క ఎంపిక ఎందుకో పక్కనే తెలుగులో రాసిన కాగితాన్ని ఆమెకు ఇప్పటికే పంపాను.