బావ పోయాక నేను రాసుకున్న వీలునామా

2022లో దేవరకొండ రోడ్డు మీద జరిగిన ప్రమాదంలో మా బావ పోయాడు. 44 ఏళ్ల మనిషి. బిడ్డ తొమ్మిదో తరగతి, కొడుకు ఐదో తరగతి. దశదినకర్మ అయిన మర్నాటి నుంచే బీరువాలో కాగితాల వెతుకులాట మొదలైంది.

రైతు బీమా 5 లక్షలు మాత్రం పెద్దగా తిరగకుండానే అక్క ఖాతాలో పడ్డాయి. అందులో నామినీగా అక్క పేరే ఉంది. బ్యాంకు డిపాజిట్‌కు మాత్రం పెళ్లికి ముందు పెట్టిన నామినీయే ఉండిపోయింది. బావ వాళ్ల అమ్మ. మార్చాలని బావకు తోచలేదు, మాకెవరికీ తెలియదు. భూమి విరాసత్‌కు, అంటే భూమిని వారసుల పేరున మార్చడానికి, వారసులందరినీ తహసీల్దార్ ఆఫీసుకు తీసుకెళ్లాల్సి వచ్చింది.

అన్నిటికంటే బాధపెట్టింది ఇల్లు. బావ తన సొంత సంపాదనతో కట్టుకున్నాడు. మొగుడు పోతే ఇల్లు పెండ్లానికే కదా అనుకున్నాం. లాయర్ చెప్పింది విన్నాక నోట మాట రాలేదు. వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, ఇద్దరు పిల్లలకు, తల్లికి సమాన వాటాలు. అంటే అక్క ఉంటున్న ఇంట్లో నాలుగో వంతు అత్తది. రేపు ఆమె కాలం చేస్తే ఆ వాటాలో ఆమె మిగతా కొడుకులకూ హక్కు వస్తుంది. బోరు అప్పు తీర్చడానికి ఇల్లు తాకట్టు పెడదామన్నా కుదరలేదు, మైనర్ల వాటా ఉన్నందుకు జిల్లా కోర్టు అనుమతి కావాలన్నారు.

అత్త మంచి మనిషి. ఎనిమిది నెలల తర్వాత తన వాటా అక్క పేరున రాసిచ్చింది. కానీ ఆ ఎనిమిది నెలలు అక్కకు కంటి మీద కునుకు లేదు. "అత్త మనసు మారితే ఎట్ల తమ్మీ?" అని రాత్రిపూట ఫోన్ చేసి ఏడ్చేది. మంచిగా ఉన్న అత్తాకోడళ్లను ఒకరినొకరు అనుమానించుకునేలా చేసింది ఒక్క కాగితం లేకపోవడమే. నాకు అదే ఎక్కువ బాధ.

ఆ తర్వాత నా సంగతి చూసుకున్నాను. ముందు ఒక నోట్‌బుక్‌లో అన్నీ రాశాను: నల్లగొండలో ఇల్లు, బత్తాయి తోట, ఖాతాలు, పాలసీలు, చిట్టీ, నోటిమాట మీద ఇచ్చిన చేబదుళ్లు, నేను తీర్చాల్సినవి. మా ఆవిడకు వీటిలో సగం తెలియవు. "ఇప్పుడీ మాటలెందుకు?" అని కోప్పడింది. అక్క సంగతి గుర్తు చేశాక పక్కన కూర్చుని తన బంగారం లెక్క తానే చెప్పింది.

నామినీలు మార్చడం రెండు రోజుల పని. అయితే బ్యాంకు నామినీ అంటే డబ్బు తీసుకుని వారసులకు అప్పగించాల్సిన మనిషే తప్ప యజమాని కాదని లాయర్ గట్టిగా చెప్పాడు. అందుకే వీలునామా కూడా కావాలి.

తోట దగ్గర కాస్త ఆగాల్సి వచ్చింది. నేను కొన్న ఎకరం 20 గుంటలు స్వార్జితం, ఎవరికైనా రాయొచ్చు. తాతల నుంచి వచ్చిన 2 ఎకరాల్లో మాత్రం పుట్టుకతోనే పిల్లలకు హక్కుంది, అదే వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో బిడ్డకూ కొడుకుతో సమానంగా. అందులో నా వాటా వరకే నేను రాయగలను. నా బిడ్డకు ఎవరూ దయతో ఇవ్వాల్సిన పని లేదని తెలిసి సంతోషమేసింది.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. కానీ ఇద్దరు సాక్షులు నేను సంతకం పెట్టడం చూసి వాళ్లూ సంతకం చేయాలి. వాటా వచ్చేవాళ్లను సాక్షులుగా పెట్టలేదు. మా డాక్టరు గారిని, పక్కింటి రిటైర్డ్ మాస్టారును అడిగాను. ఇల్లు మా ఆవిడకు రాసి, అమ్మ బతికినంత కాలం ముందు గదిలో ఉండే హక్కు విడిగా రాయించాను. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించాను. బతికుండగా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

మా ఇద్దరికీ ఏమన్నా అయితే పిల్లలను ఎవరు చూడాలో కూడా రాశాం. ఆ వాక్యం రాసేటప్పుడు మా ఆవిడ చేతిలో పెన్ను ఆగిపోయింది. అక్క పేరు రాసింది.

ఆ మాట చెప్పడానికి అక్క ఇంటికి వెళ్లాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వెళ్లి ఇంటి కాగితాల సంచి తెచ్చి నా ముందు పెట్టింది.

"నన్ను కూడా ఆ లాయర్ దగ్గరికి తీసుకుపో తమ్మీ. ఇప్పుడు పిల్లలకు నేనొక్కదాన్నే."