జేబులో ఒకటి, రోడ్డు మీద ఒకటి

జేసీబీ బండరాయిని ఎత్తుతుంటే చిన్నపిల్లాడిలా నిలబడి చూస్తున్నాను, సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ జుయ్యిమంది.

జేసీబీ చేతికున్న మెరిసే ఉక్కు రాడ్డు మెల్లగా బయటికి జరిగింది, రాయి లేచింది. డీజిల్ మండి ఇంజిన్ తిరిగితే పంపు నూనెను సిలిండర్‌లోకి తోస్తుంది, ఆ నూనె ఒత్తిడికే అంత బలం.

మరి ఫోన్‌లో? పాతది ఒకటి విప్పినప్పుడు చూశాను, గింజంత మోటారు, దాని ఇరుసుకు ఒకవైపే బరువున్న లోహపు ముక్క. కరెంటు రాగానే అది గిర్రున తిరుగుతూ మొత్తం ఫోన్‌నే కుదిపేస్తుంది. ఫ్యాన్ ఇలా ఊగితే రిపేరుకిస్తాం, ఇక్కడ కావాల్సిందే ఆ ఊపు!

ఇంతకీ ఫోన్ తీసేలోపే కాల్ కట్ అయింది. జేసీబీ చెయ్యి, ఫోన్ మోటారు, నా చెయ్యి, ఈ మూడింటిలో స్లో నాదే.