కొండపల్లి వీడియో, మా తొలి వెబ్ పేజీ
తొమ్మిదో తరగతి ప్రాజెక్టు కోసం మేము నలుగురం కొండపల్లి బొమ్మల మీద ఐదు నిమిషాల వీడియో తీసి, దానికి తోడుగా ఒక వెబ్ పేజీని తయారుచేసి నిన్న అప్పగించాము. తెల్లపొణికి చెక్కతో విడివిడిగా చెక్కిన చేతులనూ తలనూ చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో బొమ్మకు అతికించే తీరును ఒక పెద్దాయన ఎంతో ఓపికగా చూపించారు గానీ, మా దగ్గర విడి మైకు లేకపోవడంతో వీడియోలో ఆయన మాటలకన్నా పైన తిరిగే ఫ్యానే గట్టిగా వినిపించింది. మరో ఆదివారం మళ్లీ వెళ్లి (ఆ ఉక్కపోతలో ఫ్యాను ఆపమని అడగడానికి పడిన మొహమాటం ఇంతా అంతా కాదు) మాటలను విడిగా రికార్డు చేసుకొని వచ్చి దృశ్యాలకు జతచేశాము.

వెబ్ పేజీతో పడిన తిప్పలు వేరు. డీటీపీ (అచ్చు కోసం కంప్యూటరులో టైపు) చేయించిన వ్యాసాన్ని అలాగే తెచ్చి పేజీలో పెడితే, తెలుగుకు బదులు అర్థంకాని గుర్తులు వచ్చాయి. పాత ఫాంట్లు ఆంగ్ల అక్షరాల స్థానాల్లోనే తెలుగు అక్షరాల ముక్కలను ఉంచుతాయనీ, ప్రపంచ లిపుల్లోని అక్షరాలకు ఒక్కో సంఖ్య కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో మాత్రం తెలుగుకు 128 స్థానాల సొంత విభాగం ఉందనీ అప్పుడే తెలిసింది. రెండు రాత్రులు కూర్చొని మొత్తం మళ్లీ టైపు చేశాము. తీరా చూస్తే ‘లక్ష్మి’ వంటి మాటల్లోని ఒత్తులు కింది వరుస గుడులను తాకుతున్నాయి. వరుసల మధ్య ఎడాన్ని అక్షరాల సైజుకు 1.2 రెట్ల నుంచి 1.8 రెట్లకు పెంచాక గానీ పేజీ చదవడానికి వీలు కాలేదు.

వీడియో చివర ఆ పెద్దాయన పేరులో ఒక దీర్ఘం పోయిందని ఇప్పుడే గమనించాను. సరిచేసిన ప్రతిని రేపు ఉదయం ప్రార్థనకు ముందే టీచరుగారికి ఇవ్వాలి.