శ, ష, స విడివిడిగా వినిపించాలని ఒక మదర్‌బోర్డు కోసం

నేను రాత్రిపూట పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తుంటాను. డిగ్రీ చదువుతున్న చూపు లేని విద్యార్థులు కొందరు వాటిని విని పరీక్షలు రాస్తారు. పగలంతా బ్యాంకు ఉద్యోగం. మాది విజయవాడలో చివరి అంతస్తు, పైన డాబానే. వీధి సద్దుమణిగాక, రాత్రి పదిన్నర దాటాక, కిటికీలు మూసి, సీలింగ్ ఫ్యాన్ ఆపి, మైకు ముందు కూర్చుంటాను.

ఒకరోజు చరిత్ర పాఠాలు వింటున్న అమ్మాయి ఫోను చేసింది. "పాఠం బాగా అర్థమవుతోంది సార్. కానీ వెనకాల గుయ్యిమని ఏదో మోగుతూనే ఉంది. గంటసేపు వింటే తల బరువెక్కుతోంది" అంది. అంత మర్యాదగా చెప్పిందంటే ఎన్నాళ్లు ఓర్చుకుని చెప్పిందో అనిపించింది. ఆ మోత నా కంప్యూటర్‌ది. ప్రాసెసర్ మీద ఒక ఫ్యాను, కరెంటు సరఫరా చేసే డబ్బా ఎస్‌ఎంపీఎస్‌లో ఒకటి, క్యాబినెట్ వెనక ఒకటి, వీటికి తోడు హార్డ్ డిస్క్ గరగర. రోజూ దాని పక్కనే కూర్చునే నా చెవికి అది వినిపించడం ఎప్పుడో మానేసింది. మైకుకు అలాంటి అలవాటు ఉండదు కదా.

మొదట ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మోతను తగ్గించే సదుపాయం వాడి చూశాను. మోత పోయింది. దానితోపాటు అక్షరాలూ పోయాయి. శాతవాహనులు సాతవాహనులయ్యారు. 'విషయం'లోని షకారం ఎక్కడో నీటి అడుగు నుంచి వచ్చినట్టుంది. కారణం తర్వాత తెలిసింది. శ, ష, స అనే మూడూ ఊపిరి రాపిడితో పుట్టే ధ్వనులు. ఫ్యాను గాలి మోత కూడా ఆ పౌనఃపున్యాల దాకా పరచుకుని ఉంటుంది. ఒకదాన్ని గీకితే రెండోదీ కొంత ఊడివస్తుంది. కళ్లతో చదివేవాడు పుస్తకం తెరిచి సరిచూసుకుంటాడు. చెవితో చదివేవారికి నేను పలికిందే వర్ణక్రమం. అందుకే మోతను రికార్డులో కాకుండా, పుట్టినచోటే ఆపాలని నిశ్చయించుకున్నాను.

ఫోనులో రికార్డు చేయవచ్చు కదా అని ఇంట్లో అడిగారు. నేను తెర మీద స్కాన్ చేసిన పేజీలు చూస్తూ చదువుతాను, తప్పు పోయినచోట అప్పటికప్పుడే మళ్లీ చదివి అతికిస్తాను. కాబట్టి కంప్యూటర్ ఆ గదిలో, నా ఎదురుగా, ఆన్‌లో ఉండక తప్పదు. పైగా నా పాతది ఐ3-7100. ఆ తరం ప్రాసెసర్‌కు విండోస్ 11 మద్దతు లేదు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ముగుస్తుందని మైక్రోసాఫ్ట్ ముందే ప్రకటించింది. ఎలాగూ మార్చవలసిందే. చేతిలో ఉన్నది ఇరవై వేలు.

సికింద్రాబాద్‌లో బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు ప్యారడైజ్ దగ్గరి సీటీసీలో ఒక పూటంతా తిరిగాను. కంప్యూటర్ విడిభాగాలకు ఆ భవనం పెట్టింది పేరు. అడిగిన ప్రతి దుకాణంలోనూ ఒకటే మాట: "ఫ్యాన్ లేకుండానా? మన ఎండలకు కాలిపోతుంది సార్, రెండు వేలు ఎక్కువైనా మంచి ఫ్యాన్ పెట్టించుకోండి." వాళ్ల భయం అర్థం లేనిది కాదు. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు ఫ్యాను తీసేస్తే నిజంగానే వేడెక్కి, తన వేగం తానే తగ్గించుకుంటుంది. నా పాత ఐ3కే ఇంటెల్ ఇచ్చిన లెక్క 51 వాట్లు. నేను వెతుకుతున్నది వేరే జాతి. ప్రాసెసర్‌ను మదర్‌బోర్డుకే అతికించి, దాని మీద వేడిని లాగి గాలిలోకి వదిలే అల్యూమినియం హీట్‌సింక్ ఒక్కటే బిగించి అమ్మే బోర్డులు అవి. చాలావరకు మినీ-ఐటీఎక్స్ కొలతలో, అంటే 170 మిల్లీమీటర్ల చదరంలో వస్తాయి. 2001లో వయా సంస్థ తెచ్చిన కొలత అది.

ఒక మిత్రుడి దగ్గర జే1900 ప్రాసెసర్ ఉన్న పాత బోర్డు ఉంటే వారం రోజులు అరువు తెచ్చుకున్నాను. 2013 నాటిది, 10 వాట్లు. నిశ్శబ్దానికి వంక లేదు. కానీ ఈనాటి వీడియోలు ఎక్కువగా వీపీ9, ఏవీ1 రూపాల్లో వస్తాయి. వాటిని విప్పే ప్రత్యేక భాగం ఆ కాలపు చిప్‌లో లేదు. ఆ పనంతా ప్రాసెసర్ మీదే పడి, మామూలు వీడియోకే హీట్‌సింక్ చేయి పెట్టలేనంత కాలింది. రాసి ఉన్న వాట్ల సంఖ్య ఒక్కటే చూడకూడదని అక్కడ తెలిసింది. మనం రోజూ చేసే పనిని ఆ చిప్ తేలికగా చేస్తుందా, చెమటోడ్చి చేస్తుందా అన్నది ముఖ్యం. విండోస్ 11కి అదీ పనికిరాదు. తర్వాతి తరాల్లో జే4105, జే4125 పనికొస్తాయి, వీపీ9 కూడా తేలికగానే ఆడిస్తాయి. నేను చూసినప్పుడు ఆ బోర్డులు కొత్తవి ఎక్కడా దొరకలేదు. సెకండ్ హ్యాండ్‌కు మనసు ఒప్పలేదు.

మిగిలింది ఎన్100. 2023లో వచ్చింది. నాలుగు కోర్లు, ఇంటెల్ చెప్పే లెక్క 6 వాట్లు, ఏవీ1 వీడియోను విప్పే భాగం లోపలే ఉంది. ర్యామ్ అధికారికంగా 16 జీబీ వరకే. నాకు అంతకు మించి అక్కర్లేదు. ఈ చిప్‌తో తయారుగా అమ్మే చిన్న డబ్బా కంప్యూటర్లు చవకే కానీ, చాలావాటిలో చిన్న ఫ్యాను ఉంటుంది. చిన్న ఫ్యాను తగినంత గాలి తోయాలంటే వేగంగా తిరగాలి, వేగంగా తిరిగితే సన్నగా కూస్తుంది. మైకుకు దాన్ని మించిన శత్రువు లేదు.

ఇక రెండు బోర్డుల మధ్య పది రోజులు ఊగాను. అసుస్ ప్రైమ్ ఎన్100ఐ-డీ డీ4 ఒకటి, ఏఎస్‌రాక్ ఎన్100డీసీ-ఐటీఎక్స్ మరొకటి. రెంటిలోనూ అదే ప్రాసెసర్, రెంటికీ ఫ్యాను లేదు, ర్యామ్‌కు ఒక్కటే స్లాటు. తేడా ఉన్నది మిగతాచోట్ల. మొదటిదానికి ల్యాప్‌టాప్‌లో వాడే పొట్టి ర్యామ్ కావాలి, కరెంటు మామూలు ఎస్‌ఎంపీఎస్ నుంచి రావాలి. రెండోదానికి డెస్క్‌టాప్‌లో వాడే పొడుగు డీడీఆర్4 ర్యామ్ సరిపోతుంది, కరెంటు 19 వోల్టుల అడాప్టర్ నుంచి నేరుగా బోర్డులోకి వెళుతుంది.

నేను రెండోదాన్ని ఎంచుకున్నాను. పాత కంప్యూటర్‌లోని 8 జీబీ ర్యామ్ ఇందులో పనికొస్తుంది కాబట్టి అక్కడ ఖర్చు లేదు. అసలు కారణం మాత్రం ఎస్‌ఎంపీఎస్. ఫ్యాను లేని బోర్డు కొని, ఫ్యాను ఉన్న ఎస్‌ఎంపీఎస్ తగిలిస్తే నేను సాధించేది ఏముంది? ఫ్యాను లేని ఎస్‌ఎంపీఎస్‌లు ఉన్నాయి, వాటి ధర నా బడ్జెట్‌ను మింగేస్తుంది. ఫ్యాను లేని బోర్డు వెతికేవారు ముందుగా చూడవలసింది ప్రాసెసర్ పేరు కాదు, కరెంటు లోపలికి ఏ దారిన వస్తుందో అదే అని నేను గట్టిగా చెబుతాను. చాలామంది ఇది ఆఖర్న చూసుకుంటారు.

తిరిగే భాగాలు లేని, చప్పుడు చేయని ఎం.2 ఎస్‌ఎస్‌డీ ఒకటి కొన్నాను. పాత హార్డ్ డిస్క్‌ను బయటి డబ్బాలోకి మార్చి, భద్రపరచుకునే ఫైళ్ల కోసం మాత్రమే తగిలిస్తున్నాను. బిగించడం ఒక ఆదివారం ఉదయం అయిపోయింది.

మొదటి రాత్రి కంప్యూటర్ ఆన్ చేసి, చెవి ఆనించి విన్నాను. ఏమీ లేదు. ఆనందంతో ఒక పేజీ చదివి హెడ్‌ఫోన్‌లో వింటే, లోతుగా 'మ్...' అని ఒక గుంజారావం. గదిలో లేని శబ్దం రికార్డులో ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మైకు గొట్టాన్ని వేలి వెనకవైపుతో నిమిరినప్పుడు సన్నగా జివ్వుమంది. అప్పుడు అర్థమైంది. నేను చవకగా కొన్న అడాప్టర్ రెండు పిన్నులది, దానికి ఎర్తింగ్ లేదు. అలాంటి అడాప్టర్ల నుంచి అతి స్వల్పంగా కరెంటు లోహభాగాలకు వస్తుంటుంది. ప్రాణానికి ముప్పు కాదు కానీ, 50 హెర్ట్జ్ హమ్ రూపంలో మైకు తీగలోకి చేరుతుంది. అదిగాక ఆ అడాప్టర్‌లోని కాయిల్ నుంచి కీచుమనే సన్నటి కూత కూడా ఉంది, మా పదేళ్ల అబ్బాయికి వినిపించింది, నాకు వినిపించలేదు. మూడు పిన్నుల తీగ ఉన్న 65 వాట్ల అడాప్టర్ తెచ్చి, గదిలోని సాకెట్‌కు ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాను. రెండు శబ్దాలూ పోయాయి. ఇలాంటి అడాప్టర్ కొనేటప్పుడు వోల్టులు సరిపోతే చాలదు, ప్లగ్గు బయటి వ్యాసం, లోపలి వ్యాసం కూడా సరిపోవాలి. మా ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ ఛార్జరు 19 వోల్టులదే అయినా ఆ రంధ్రంలో పట్టలేదు.

అసలు పరీక్ష ఏప్రిల్‌లో వచ్చింది. పగలంతా ఎండ తాగిన డాబా రాత్రి దాన్ని గదిలోకి వదులుతుంది. కిటికీలు మూసి ఉంటాయి. రాత్రి పదకొండుకు గదిలో 36 డిగ్రీలు. మామూలు వేళల్లో సీలింగ్ ఫ్యాను గాలి క్యాబినెట్ సందుల్లోంచి కొంత దూరి బోర్డుకు మేలు చేస్తుంది. నాకు ఈ బోర్డుతో పని పడేది మాత్రం సరిగ్గా ఆ గాలి కూడా ఆగిపోయిన గంటల్లోనే. ఒక రాత్రి అధ్యాయం పూర్తి చేసి, ఫైళ్లన్నీ ఎంపీ3లోకి మారుస్తుండగా ఉష్ణోగ్రత చూస్తే 88 డిగ్రీలు. ఎన్100కు ఇంటెల్ ఇచ్చిన హద్దు 105. ప్రమాదం లేదని కాగితం చెబుతోంది కానీ, మే నెల ఇంకా ముందుంది.

తప్పు బోర్డుది కాదు, నేను దాన్ని ఉంచిన చోటుది. చూడముచ్చటగా ఉందని ఒక చిన్న రేకు డబ్బాలో పడుకోబెట్టి బిగించాను. వేడి గాలికి పైకి పోయే దారి లేదు. అటక మీద నుంచి పాత పెద్ద క్యాబినెట్‌ను దింపాను. మినీ-ఐటీఎక్స్ బోర్డు మరలు పెద్ద క్యాబినెట్‌లోని రంధ్రాలకు కూడా సరిపోతాయి. ఇక ఎస్‌ఎంపీఎస్ లేదు కాబట్టి, అది ఉండే చోట పైభాగంలో వెనకవైపు జానెడు కిటికీ ఏర్పడింది. వేడి గాలి చేరేది సరిగ్గా అక్కడికే. కింద కార్డుల కోసం ఉంచిన రేకు పట్టీలు నాలుగూ తీసేశాను. ఇప్పుడు చల్లగాలి కింది నుంచి వచ్చి, నిలువుగా నిలబడిన బోర్డును తాకుతూ వేడెక్కి, పై కిటికీలోంచి పోతుంది. వంటింటి పొగగొట్టం చేసే పనే ఇది. బల్లులు దూరకుండా రెండుచోట్లా కిటికీలకు కొట్టే దోమల జాలీ ముక్క అంటించాను. బల్లి దూరి బోర్డు పోయిన కంప్యూటర్లు మా బ్యాంకులోనే రెండు చూశాను.

దానితో ఎనిమిది డిగ్రీలు తగ్గింది. మిగతాది బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సొంత అమరికల్లో దొరికింది. 6 వాట్లు అన్నది ఇంటెల్ ఇచ్చే మూల లెక్క. ఆచరణలో ప్రాసెసర్ ఎంత కరెంటు ఎంతసేపు తీసుకోవచ్చో బోర్డు తయారుచేసేవారు అంతకన్నా ఎక్కువగా అమర్చవచ్చు. నా దానిలో ఆ దీర్ఘకాలిక హద్దును 8 వాట్లకు దించాను. అదే గదిలో, అదే పనికి మళ్లీ చూస్తే 71 డిగ్రీలు. గంట నిడివి పాఠాన్ని ఎంపీ3గా మార్చడానికి ఇంతకు ముందుకన్నా కొద్దిగా ఎక్కువ సమయం పడుతోంది. ఆలోగా నేను మంచినీళ్లు తాగి వస్తాను. మే నెలంతా అలాగే గడిచింది, ఒక్కసారి కూడా 80 దాటలేదు.

కరెంటు వాడకం కూడా తగ్గింది. ప్లగ్గుకు తగిలించే మీటరుతో చూస్తే పాతది ఊరికే ఉన్నప్పుడే 42 వాట్లు లాగేది, ఇది 11 వాట్లు. రోజుకు ఆరు గంటల లెక్కన నెలకు ఐదున్నర యూనిట్ల మిగులు, బిల్లులో పెద్దగా తెలియదు. కానీ వేసవి రాత్రి కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద అధ్యాయం పూర్తి చేయగలుగుతున్నాను. వీధి వీధంతా ఏసీలు ఆగిపోయి ఉంటాయి కాబట్టి, చదవడానికి అంతకన్నా మంచి వేళ ఉండదు.

కొత్త కంప్యూటర్‌లో చేసిన మొదటి అధ్యాయం పంపాక ఆ అమ్మాయి మళ్లీ ఫోను చేసింది. "ఇప్పుడు శాసనాలు, సామంతులు, భాష అన్నీ దేనికదిగా వినబడుతున్నాయి సార్" అంది. ఒక్క క్షణం ఆగి, "మొదటి మూడు పాఠాలు కూడా మళ్లీ చదువుతారా?" అని అడిగింది. ఒకటి పూర్తయింది, నిన్న రాత్రి రెండోది మొదలుపెట్టాను.