కొంగ కూడా చేప ముట్టని ఐదు రోజులు

సముద్రం చూడడానికైతే గోపాల్‌పూర్ దాకా పోనక్కరలేదు. విశాఖలో మా మేడ ఎక్కితే నీటి ట్యాంకు పక్క నుంచి ఓ చారెడు కనిపిస్తుంది. నేను వెళ్లింది చేపల కోసం. బరంపురంలో స్థిరపడ్డ మా పెదనాన్నగారి అబ్బాయి ఎప్పుడు ఫోను చేసినా ఇదే పాట. పడవ ఒడ్డుకు చేరిన గంటలో వంజరం బాణలిలో ఉంటుందట, ఐసు మొహం చూడని చేప రుచి మా విశాఖ వాళ్లకు తెలియనే తెలియదట. ఈసారి మాత్రం "కార్తీక పౌర్ణమికి రా, పడవల పండగ చూద్దువుగాని" అన్నాడు. చేపల మాట ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో దిగిన రాత్రి కంచం ముందు కూర్చున్నాక తెలిసింది.

పెసరపప్పులో అరటికాయ, చామదుంప వేసి ఉడికించి, పైన నెయ్యి పోసిన దాల్మా. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. బాగానే ఉంది. అయినా నా కళ్లు పక్క గిన్నె కోసం వెతకడం వదిన కనిపెట్టింది.

"పంచుక కదా మరిదిగారూ, ఈ ఐదు రోజులు కొంగ కూడా చేప ముట్టదు" అంది.

కార్తీక శుద్ధ ఏకాదశి నుంచి పౌర్ణమి వరకు ఒడిశా అంతటా ఇదే నియమం. కొంగ పేరు మీదే బక పంచకం అని కూడా అంటారు. నెలంతా హవిష్యం పట్టి ఒంటిపూట భోజనంతో గడిపే ఆడవాళ్లు సరే, మిగతా పదకొండు నెలలూ చేప లేకుండా ముద్ద ఎత్తని మగవాళ్లు సైతం ఈ ఐదు రోజులూ నోరు కట్టుకుంటారు. కార్తీకం మనకూ ఉంది. మా అమ్మ సోమవారాలు నక్షత్రం చూసి గానీ తినేది కాదు. కానీ అమ్మ ఉపవాసం అమ్మది, వీధి చివరి బిర్యానీ కొట్టు వ్యాపారం దానిది. బరంపురంలో నేను చూసిన వీధుల్లో కోడిమాంసం కొట్లకు కూడా తలుపులు వేసి ఉన్నాయి.

వదిన వాళ్లది మూడు తరాలుగా ఆ ఊరే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా గంజాం మద్రాసు రాజధానిలోని జిల్లా. వి.వి. గిరి పుట్టింది కూడా ఈ బరంపురంలోనే. గీత ఎటు గీసినా ఇళ్లు కదలలేదు కాబట్టి, వదిన ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. పండగలు మాత్రం రెండు వైపులవీ ఉంచుకుంది. తులసికోట చుట్టూ ఒడియా వాళ్లలా రంగు పొడులతో మురుజ ముగ్గు వేసి, దాని మధ్యలో మన పద్ధతిలో మూడు వందల అరవై అయిదు వత్తుల దీపానికి నెయ్యి పోసి నానబెట్టింది. పసుపు గీత పక్కనే తెల్ల గీత జారుస్తుంటే చిటికెన వేలు నేలకు ఆనించి ఉంచేది. వేలు లేచిందా, గీత వంకర పోతుందట.

అన్నయ్యకు ఇచ్ఛాపురంలో ఏదో స్థలం తగాదా ఉంది. దీపాలవేళ దాటగానే కారు తీసేవాడు. వకీలును కలవాలనేవాడు, రాత్రి పొద్దుపోయి వచ్చి ఆకలి లేదని పడుకునేవాడు. ఆ దాల్మా మొత్తం నా వాటాకే వచ్చేది. మధ్యలో పట్టుచీరల కొట్లూ, అప్పడాల బజారూ తిరిగాను. వాటి గురించి రాసేంత ఏమీ లేదు. కుంభం అంచు ఉన్న బరంపురం పట్టుచీర ధర అడిగి మర్యాదగా బయటికి వచ్చాను.

పౌర్ణమి ముందు రోజు సాయంత్రం నేనూ వదినా గోపాల్‌పూర్ వెళ్లాం. పదహారు కిలోమీటర్లు. ఆటోలో ముగ్గురు కూర్చోవలసిన చోట అయిదుగురు, డ్రైవరు పక్కన ఇంకొకరు, ఆ ఇంకొకరి ఒళ్లో అరటి బోదెల మోపు. తెల్లవారితే పడవలు వాటితోనే చేస్తారు. ఆ మోపు నుంచి కారిన జిగురు నా చొక్కా మీద పడి ఆరాక నల్లబడింది. అది ఇక పోదని వదిన చల్లగా చెప్పింది.

గది సంగతి చెప్పాలి. మామూలు రోజుల్లో పదిహేను వందలకు ఇచ్చే గది, సముద్రం వైపు కిటికీ ఉందన్న పేరుతో, నాలుగు వేలకు ఒక్క రూపాయి తగ్గలేదు. కిటికీ ఉంది. దాని ముందు పక్క హోటలు జనరేటరు కూడా ఉంది. "పండగ రోజులు సార్" అన్నాడు కౌంటరు దగ్గరి కుర్రాడు. దుర్గాపూజ సెలవుల్లో బెంగాలీలు దిగుతారు, అప్పుడు ఓ ధర. కొత్త సంవత్సరానికి ఇంకో ధర. ఈ ఊరికి కాలాలు ఎండ, వాన, చలి కావు, గది అద్దెలే. కింద భోజనానికి వెళ్తే మెనూ పుస్తకంలో చేపలూ రొయ్యలూ ఉన్న పేజీలను రెండు చోట్ల స్టాప్లరు పిన్నులు కొట్టి మూసేశారు. సందులోంచి చూశాను. రొయ్యల ఇగురు ఉంది. పనీరు తిన్నాను.

తెల్లవారుజామున లేపింది వదిన. వెన్నెల ఇంకా తగ్గలేదు, అప్పటికే జనం. దీపస్తంభం వైపు నుంచి ఇసుక దాకా వరసగా కుటుంబాలు. చేతుల్లో పడవలు: అరటి బోదెవి, రంగు కాగితాలవి, బెండువి. ఒక్కో దానిలో ఒక తమలపాకు, ఒక వక్క, రెండు పువ్వులు, ఒక దీపం. దీన్నే బొయిత బందాణ అంటారు. ఒడియా వర్తకులు, సాధబలు, బాలికీ జావాకీ సుమత్రాకీ ఓడలు కట్టుకుని వెళ్లిన రోజుల గుర్తుగా ఈ పండగ. ఈ నెలలోనే ఎందుకు బయల్దేరేవారంటే, వానల గాలి పోయి ఈశాన్యపు గాలి తిరిగేది ఇప్పుడే. తెరచాపకు అది కావాలి. మళ్లీ నైరుతి గాలి పట్టుకుని ఇంటికి చేరేవారు. కటక్‌లో మహానది ఒడ్డున బాలి జాత్రా మొదలయ్యేదీ ఈ రోజే.

చెరువులో వదిలితే ఈ పడవలు బుద్ధిగా సాగిపోతాయి. బరంపురంలో రామలింగం చెరువు దగ్గర అలాగే చేస్తారట. సముద్రం ఊరుకుంటుందా? ఎనిమిదేళ్ల పిల్లాడొకడు ఎర్ర కాగితం పడవ వదిలాడు. అల దాన్ని ఎత్తి వాడి కాళ్ల దగ్గరే బోర్లా పడేసింది. వాళ్ల నాన్న దీపం మళ్లీ వెలిగించాడు. ఈసారి పడవ తిరిగి వచ్చింది, దీపం రాలేదు. మూడోసారి వక్క ఒక్కటే వచ్చింది. పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. అప్పుడు నోళియాలు దిగారు. మామూలు రోజుల్లో స్నానాలకు వచ్చిన వాళ్లు కొట్టుకుపోకుండా చెయ్యి పట్టుకుని ముంచి తేల్చేది వీళ్లే. పడవకు ఇరవై రూపాయలు తీసుకుని, రెండు చేతుల మీద నాలుగైదు పెట్టుకుని, మెడలోతు నీళ్లలోకి నడిచి, అల విరిగే చోటు దాటించి వదులుతున్నారు. ముసలి నోళియా ఒకాయన, అంత నీటిలోంచీ, ఒడ్డున ఉన్న కుర్రాడికి తెలుగులో కేక వేశాడు: "ఒరే, ఆ పెద్దది ముందు ఇవ్వరా, దానికి నూనె తక్కువుంది!"

వదిన పడవకూ ఇరవై ఇచ్చాను. పుణ్యానికి ఇరవై ఎక్కువని గొణిగితే, "మీ గది కంటే చవకే" అంది.

అక్కడ నిలబడితే నాకు బాలి గుర్తుకు రాలేదు. రంగం గుర్తుకొచ్చింది. మా తాతగారి తమ్ముడు రంగూన్ వెళ్లాడు. మా ఇంట్లో అందరూ రంగం అనేవారు. ఏ రేవు నుంచి ఎక్కాడో ఎవరూ చెప్పలేదు. విశాఖ కావచ్చు, కళింగపట్నం కావచ్చు, గోపాల్‌పూర్ అయినా కావచ్చు. బ్రిటిషు వాళ్ల కాలంలో ఇది పెద్ద రేవు. బియ్యం, కూలీలు ఇక్కడి నుంచి ఓడలెక్కేవారు. కూలిపోయిన పాత గిడ్డంగుల గోడలు ఇప్పటికీ ఉన్నాయి, జనం వాటికి ఆనుకుని సెల్ఫీలు దిగుతున్నారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక అడవుల వెంట కాలినడకన తిరిగి వచ్చిన వాళ్లున్నారు. మా చిన్నతాత రాలేదు. ఆయన ఇత్తడి చెంబు ఒకటి మా నాయనమ్మ బావి గట్టు మీద ఉండేది, ఎవరినీ వాడనిచ్చేది కాదు. బంగారంతో తిరిగొచ్చిన సాధబలకు వెయ్యేళ్లయినా దీపం పెడుతున్నారు. నెలకు ఎనిమిది రూపాయలు పంపి, ఆ తర్వాత పంపడం మానేసిన వాడికి ఎవరు పెడతారు? ఈ మాట వదినతో అంటే ఆమె ఏమీ అనకుండా సంచిలోంచి ఇంకో అరటి దొప్ప తీసి వత్తి వేసింది. ఇంకో ఇరవై అయ్యాయి.

ఆ మర్నాడు ఛాడఖాయి.

ఈ పండగ ఏ పంచాంగంలోనూ పెద్దక్షరాలతో ఉండదు గానీ, ఒడిశాలో దీనికున్న ఉత్సాహం చూస్తే మిగతావన్నీ దీనికి ముందు వాయిదాలేమో అనిపిస్తుంది. పంచుక ముగిసిన మరుసటి ఉదయం రాష్ట్రం రాష్ట్రమంతా మాంసం మీద పడుతుంది. తెల్లారకముందే పడవలు ఆగే చోటికి పోయాను. నాకంటే ముందు బరంపురం సగం వచ్చినట్టుంది. మోటారుసైకిళ్లు, స్టీలు డబ్బాలు, చలిమంట దగ్గర పెళ్లివారిలా ముస్తాబైన మగవాళ్లు.

గోనెపట్టా పరిచి, సిల్వరు తట్ట ముందు పెట్టుకుని కూర్చుంది ఒక పెద్దావిడ. తట్టలో కానాగంతలు, నెత్తళ్లు. పక్కన తడి గుడ్డ కప్పిన వంజరాలు రెండు. గుడ్డ పైకి ఎత్తి మొప్ప విప్పి చూపించింది. లోపల దానిమ్మ గింజ రంగు. కన్ను ఉబ్బి, తేటగా ఉంది. చేప పొట్ట మీద వేలు నొక్కి తీసింది, గుంట పడలేదు. ధర చెప్పింది. విశాఖ రేటుకు రెట్టింపు.

"అమ్మా, పడవ ఇక్కడే కదా దిగింది, ఇక్కడే ఇంత ధరా?" అన్నాను తెలుగులో.

తెలుగు విని ధర తగ్గిస్తుందనుకున్న మాట నిజమే. ఆవిడ మొహం మాత్రం వెలిగింది. ఏ ఊరు బాబూ అంది. వాళ్లు వాడబలిజలు, ముత్తాతల నాడే ఇటు వచ్చారు, ఇచ్ఛాపురం వైపు ఇంకా చుట్టాలున్నారు. నాతో తెలుగులో మాట్లాడుతూనే నా పక్క మనిషితో ఒడియాలో బేరం తెంచి, డబ్బులు బొడ్లో దోపి, నెత్తళ్లు తూచింది.

"మొన్నటి దాకా చేప పడలేదా ఏమిటి?" అని అడిగాను.

"సముద్రానికి పంచుకేమిటి బాబూ? రోజూ పడింది. కొనేవాడు లేడు. ఐసు పెట్టెల వాడు వచ్చి, ఊళ్లో తినడం లేదు కదా అని సగం ధరకు ఎత్తుకుపోయాడు. ఐదు రోజులు మా చేప ఎవరికీ అక్కర్లేదు. ఇవాళ అందరికీ కావాలి. ఐదు రోజుల నష్టం ఒక్క పొద్దుటే రాబట్టుకోవాలి. తొమ్మిది దాటితే మళ్లీ మామూలే."

"అయితే తొమ్మిదికి వస్తాను."

"రండి. తోక ఉంచుతాను."

చుట్టూ ఉన్న వాళ్లకు తెలుగు రాకపోయినా నవ్వారు. మీరు పాటిస్తారా పంచుక అని అడిగితే, ఇంట్లో పాటిస్తామంది. గంగమ్మకు మొక్కు వేరే, ఇది వేరే. చేతులు మాత్రం రోజూ చేపలోనే. వెనకాల ఇసుక మీదికి లాగిన ఫైబరు పడవ ముక్కుకు పసుపూ కుంకుమా ఇంకా తడిగానే ఉన్నాయి. నిన్న పొద్దున్న కాగితం పడవలు వదిలిన వాళ్లెవరూ ఇటు వైపు వచ్చినట్టు లేదు. ఇక్కడివి అచ్చంగా వెళ్లి వచ్చే పడవలు.

వంజరం కొన్నాను. కత్తి వేసే కుర్రాడికి వేరే ఇవ్వాలి, ఐసుకు వేరే. తోక వైపు ముక్క ఒకటి ఎక్కువ పడేట్టు ఆవిడే చూసింది. వదిన సగం ఆవపెట్టి ఒడియా పద్ధతిలో బేసర, సగం చింతపండు పులుసు చేసింది. తిన్నాను. దాని గురించి రాస్తే దిష్టి తగులుతుంది.

తిరుగు రైలుకు బరంపురం నుంచి టికెట్టు దొరకలేదు. ఇచ్ఛాపురం పోయి అక్కడి నుంచి ఏదో ఒకటి పట్టుకుందామని బస్సెక్కాను. గిరిసోల దాటితే ఆంధ్ర. మరో నాలుగు మలుపులకు బస్సు ఒక దాబా ముందు ఆగింది. బల్లలు కడుగుతున్నారు, చేపల వేపుడు వాసన. ఇవాళ ఛాడఖాయి కదా, గిరాకీ దంచేసి ఉంటుందని యజమానితో అన్నాను.

"ఇవాళ ఖాళీ సార్. ఇవాళ వాళ్లకు అక్కడే దొరుకుతుంది కదా. మాకు గిరాకీ అంతా ముందు ఐదు రోజులే. సాయంత్రం ఏడు దాటితే అన్నీ ఒడిశా నంబరు కార్లే. చెప్పిన టైముకు వచ్చే వాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకు టేబులు ఆపి ఉంచుతాం."

అన్నయ్యకు ఫోను చేశాను. బస్సు ఎక్కడ ఆగిందో చెప్పి, మీ వకీలు గారి ఆఫీసు ఇక్కడికి ఎంత దూరమని అడిగాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత గొంతు తగ్గించి, "వదిన పక్కనే ఉంది. నెత్తళ్ల వేపుడు చెప్పు, కూర వద్దు, కారం ఎక్కువ వేస్తాడు" అన్నాడు.